గాలి ట్యూబా, చేతి రింగులా, లైఫ్ జాకెట్టా: ఓడ ప్రయాణంలో పిల్లలకు ఏది మేలు?

మా చెల్లెలు శ్రీకాకుళంలో ఉంటుంది. ఈసారి సెలవులకు విశాఖపట్నంలో ఓడ ఎక్కి చెన్నై వెళ్ళాలని వాళ్ళ ఆలోచన. పాపకు ఏడేళ్ళు, బాబుకు మూడేళ్ళు. టికెట్ల సంగతి మరిదిగారు చూసుకుంటున్నారు. పిల్లల సామాను గురించి మాత్రం నాకు ఫోను చేసింది. "అక్కా, ఓడ మీద ఈత కొలను ఉంటుందట. మీ విజయనగరం గంటస్తంభం దగ్గర దుకాణాల్లో హంస ట్యూబులు చూశానన్నావు కదా. రెండు కొని ఉంచవూ? పిల్లలు సరదా పడుతున్నారు" అంది.

నేను ఆ ట్యూబులు కొనలేదు. ఎందుకు కొనలేదో ఫోనులో చెప్పడం మొదలుపెడితే గంట పట్టింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఈ ప్రశ్న మన జిల్లాలకు కొత్తది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ ఓడ విశాఖ రేవుకు వచ్చి, పుదుచ్చేరి మీదుగా చెన్నైకి ప్రయాణికులను తీసుకువెళ్ళింది. 2023 సెప్టెంబరులో అక్కడే విహార ఓడల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ ప్రారంభమైంది. విజయనగరం నుంచి ఆ రేవు సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110. విహార ఓడ అంటే ముంబయి వెళ్ళి ఎక్కేది అనుకున్న వాళ్ళం, ఇప్పుడు పొద్దున ఇంట్లో ఇడ్లీ తిని బయలుదేరి ఎక్కవచ్చు. అయితే ఓడ మీది కొలను ఎలా ఉంటుందో మన పిల్లలకే కాదు, పెద్దవాళ్ళలోనూ చాలామందికి తెలియదు.

రిసార్టు కొలనును మనసులో పెట్టుకుంటే పొరబడతాం. ఓడలో చోటు కొరత. వందల మంది ప్రయాణికులున్నా కొలను చిన్నదిగానే ఉంటుంది. ఎండ తగ్గిన సాయంత్రం అందరూ ఒకేసారి దిగుతారు. పళ్ళెంలో నీళ్ళు పట్టుకుని నడిస్తే అవి ఈ అంచు నుంచి ఆ అంచుకు ఊగుతాయి. ఓడ కాస్త కదిలినా కొలనులో నీరు అలాగే ఊగుతుంది. సముద్రం మరీ ఉద్ధృతంగా ఉంటే వల కప్పి కొలనును మూసేస్తారు. లైఫ్ గార్డు అన్ని ఓడల్లోనూ ఉంటాడనుకోకూడదు. రాయల్ కరీబియన్ అంత పెద్ద సంస్థ కూడా తన ఓడలన్నిటికీ లైఫ్ గార్డులను నియమిస్తామని 2017లో గానీ ప్రకటించలేదు. కాబట్టి ఓడలో పిల్లలకు కాపలా తల్లిదండ్రులే. ఏ వస్తువు కొన్నా ఆ కాపలాకు అది సాయపడుతుందా, అడ్డం వస్తుందా అని చూడాలి. నేను అన్నిటినీ ఈ ఒక్క లెక్కతోనే తూచాను.

ముందుగా గాలి ట్యూబు. చూడడానికి ఇంతకన్నా ముచ్చటైనది లేదు. గాలి తీసేస్తే సంచిలో చీర మడతంత చోటే పడుతుంది, ధర కూడా తక్కువే. అయినా నా ఓటు దీనికి పడదు. మా అన్నయ్య కొడుకు నాలుగేళ్ళప్పుడు భీమిలి వైపు ఒక రిసార్టు కొలనులో కూర్చునే ట్యూబులో ఉన్నాడు. కాళ్ళు పెట్టుకోవడానికి రెండు కన్నాలు, ముందు బాతు మెడ ఉండే రకం అది. వాడు ముందుకు వంగి బంతి అందుకోబోయాడు. ట్యూబు ఒక్కసారిగా తిరగబడింది. కాళ్ళు కన్నాల్లో ఇరుక్కుని పైకి, తల నీళ్ళలోకి. వదిన రెండడుగుల దూరంలో ఉంది కాబట్టి వెంటనే లాగింది. వాడు అరవలేదు, నీళ్ళు కొట్టిన చప్పుడు కూడా పెద్దగా లేదు. పక్కనున్నవాళ్ళకు ఏమీ తెలియనే లేదు. ఆ తరువాత చాలా రోజులు వదినకు సరిగా నిద్ర పట్టలేదు.

ట్యూబులో కూర్చున్న పిల్లవాడి బరువు నీటిమట్టానికి పైన ఉంటుంది, అందుకే కొంచెం వంగినా బోల్తా పడుతుంది. కదలని కొలనులోనే అలా జరిగితే, ఊగే నీటిలో చెప్పేదేముంది? గాలితో మరో చిక్కు కూడా ఉంది. ఎండలో డెక్కు మీద బిగుతుగా ఊదిన ట్యూబు చల్లటి నీటిలో దింపగానే కొంత మెత్తబడుతుంది. అలాగని ఏసీ గదిలో బిగుతుగా ఊది తెచ్చి ఎండలో పెడితే అతుకుల దగ్గర లాగుతుంది.

ట్యూబు కొనేటప్పుడు దుకాణదారు ఐఎస్‌ఐ గుర్తు చూపిస్తే చాలామంది ధైర్యపడతారు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. అది మంచి నిబంధనే. కానీ ఆ గుర్తు చెప్పేది ఆ వస్తువు బొమ్మగా సురక్షితమని. మునిగిపోకుండా కాపాడుతుందని అది హామీ ఇవ్వదు. ట్యూబు మీదే చిన్న అక్షరాల్లో ఇది ప్రాణరక్షణ సాధనం కాదని రాసి ఉంటుంది, చదవండి.

పేరున్న విహార ఓడల సంస్థలు చాలావరకు పెద్ద గాలి బొమ్మలను, నూడుల్ అని పిలిచే పొడవాటి స్పాంజి కర్రలను కొలనులోకి రానివ్వవు. పెద్ద హంస కింద పిల్లవాడు మునిగితే గట్టు మీద ఉన్నవాళ్ళకు కనిపించడు. చిన్న కొలనులో నాలుగు ట్యూబులు తేలితే నీరే కనపడదు. అందుకని మోసుకువెళ్ళినా అది గదిలోనే ఉండిపోవచ్చు. ఏ సంస్థ టికెట్టు కొన్నారో వారినే మెయిలులో అడిగి, జవాబు ఫోనులో దాచుకోవడం మంచిది. స్పాంజి కర్ర సంగతి ఇంతటితో సరి. పొడవైనది, మోయడం కష్టం, పిల్లవాడి చెయ్యి జారితే ఇక అది ఉన్నా లేనట్టే.

గాలి ఊది భుజాల కింద తొడిగే చేతి రింగుల విషయంలో కొంత ఆలోచించాను. పెద్ద ట్యూబులు వద్దన్న సంస్థల్లో కొన్ని వీటిని ఒప్పుకుంటాయి. చిన్నవి, రెండు చేతులకూ ఉంటాయి, బోల్తా కొట్టించవు. ట్యూబుకన్నా ఇవి మేలే. కానీ తడిసిన చేతికి వదులుగా ఉంటే, పిల్లవాడు చేతులు పైకెత్తినప్పుడు జారిపోతాయి. బిగుతుగా ఉంటే చర్మం ఒరుసుకుంటుంది. వీటితో పిల్లలు నీటిలో నిటారుగా నిలబడినట్టు తేలడం అలవాటు చేసుకుంటారు. ఈత నేర్చుకునేవాళ్ళకు కావలసింది బల్లపరుపుగా పడుకుని తేలడం. అన్నిటికన్నా భయపడవలసింది పిల్లల ధీమా గురించి. రింగులు తీసేసిన తరువాత కూడా తాము తేలుతామనే అనుకుంటారు. అలా అనుకునే, ఎవరికీ చెప్పకుండా దూకుతారు. గాలితో నింపే సాధనాలను లైఫ్ జాకెట్టుకు బదులుగా వాడవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఈత రాని పిల్లలకు పెద్దవాళ్ళు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలని కూడా అదే సంఘం చెబుతోంది.

ఇదే మాట మా తాతగారు వేరే విధంగా చెప్పేవారు. మా ఊరి పొలంలో దిగుడు బావి ఉండేది. ఈత నేర్పడానికి పిల్లల నడుముకు ఎండిన ఆనపకాయ బుర్రలు కట్టేవారు. బుర్రకన్నా బెండు మేలని ఆయన పట్టుదల. పెళ్ళి బాసికాలు చేసే జీలుగు బెండే అది. బుర్రకు పగులు వస్తే నీరు చేరుతుంది, బెండును ముక్కలుగా విరిచినా ప్రతి ముక్కా తేలుతుంది. దానికి తోడు నడుముకు తాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని మెట్ల మీద కూర్చునేవారు. ఎంత బాగా ఈదుతున్నా ఆ తాడు వదిలేవారు కాదు.

లోపల స్పాంజి పలకలు కుట్టిన లైఫ్ జాకెట్టు ఆ బెండుకు తమ్ముడే. దానికి కన్నం పడి గాలి పోయే భయం లేదు. ఛాతీని అంటిపెట్టుకుని ఉంటుంది. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. వెనుక భుజాల దగ్గర పట్టీ ఉన్న రకమైతే తల్లి ఒక్క చేత్తో పిల్లవాడిని నీటిలోంచి ఎత్తగలదు. తాతగారి తాడు చేసే పని అదే కదా. లోపాలు లేవనను. సంచిలో సగం చోటు ఆక్రమిస్తుంది, ఎండలో ఉక్కపోస్తుంది, హంస ముందు పిల్లలకు ఏమాత్రం నచ్చదు. ధర కూడా ట్యూబుకన్నా బాగా ఎక్కువ. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళ లోపు పిల్లలు. మా బాబు వయసు ఆ లోపే. ఇక్కడ డబ్బు చూసుకోవడానికి నాకు మనసు ఒప్పదు.

జాకెట్టు కొనడంలో మనవాళ్ళు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. పండగ బట్టల్లాగే, ఎదిగే పిల్లలు కదా అని ఒక సైజు పెద్దది తీసుకుంటారు. చెల్లెలు కూడా అదే అంది. ఇది వయసును బట్టి కాకుండా, ఈరోజు పిల్లవాడి బరువును బట్టి కొనవలసినది. అమెరికాలో వాడే కొలతల్లో సుమారు 14 కిలోల లోపు ఒక సైజు, 14 నుంచి 23 వరకు మరొకటి, 23 నుంచి 41 వరకు ఇంకొకటి. బక్కిళ్ళన్నీ పెట్టిన తరువాత జాకెట్టును భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడాలి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే పెద్దదన్నట్టే. నీటిలో పిల్లవాడు కిందికి జారి, జాకెట్టు ఒక్కటే పైన తేలుతుంది. చిన్న పిల్లలకు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే తీసుకోవాలి. రంగు కూడా ముఖ్యం. నీలం, లేత ఆకుపచ్చ కొలను నీటిలో కలిసిపోతాయి. నారింజ గానీ ముదురు గులాబీ గానీ దూరానికి కనిపిస్తుంది.

కొన్ని ఓడల్లో కొలను దగ్గర పిల్లలకు జాకెట్లు అరువు ఇస్తారు. ఏడేళ్ళ పాపకు వాటిని నమ్ముకోవచ్చు. మూడేళ్ళ వాడికి సరిపోయే సైజు ఆ సమయానికి దొరకకపోతే ఏమి చేస్తాం? వాడిది ఇంటి నుంచే తీసుకువెళ్ళాలి. ఓడలో ఆపద సమయం కోసం ఉంచిన లైఫ్ జాకెట్లు వేరు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ప్రతి ప్రయాణికుల ఓడలో పిల్లల సైజువి ప్రయాణికుల సంఖ్యలో కనీసం 10 శాతం ఉండాలి, పిల్లలు అంతకన్నా ఎక్కువ మంది ఎక్కితే వాళ్ళందరికీ సరిపోయేటన్ని ఉండాలి. వాటిని కొలనుకు తీసుకువెళ్ళకూడదు. ఎక్కిన రోజు చేయించే భద్రతా అభ్యాసంలో మీ పిల్లల సైజుది చూపించమని సిబ్బందిని అడగండి.

బాబు విషయంలో ఇంకో సంగతి ఉంది. రాత్రిళ్ళు, ప్రయాణాల్లో వాడికి ఇంకా డైపరు వేస్తున్నారు. అమెరికా రేవులకు వచ్చే ఓడలకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పెట్టిన నిబంధన ప్రకారం డైపరు వేసుకునే పిల్లలను మామూలు కొలనులో దింపకూడదు. వాళ్ళ కోసం ప్రత్యేకంగా కట్టిన నీటి ఆటస్థలం ఉంటేనే అనుమతి. ఈతకని అమ్మే డైపరు వేసినా ఇదే మాట. ఇతర చోట్ల కూడా ఈ పద్ధతి పాటించే సంస్థలున్నాయి. అదే జరిగితే బాబుకు కొలను లేనట్టే. అందుకని రెండు ప్లాస్టిక్ గ్లాసులు, ఒక చిన్న మగ్గు, కన్నాలున్న జల్లెడ గిన్నె పెట్టుకోమన్నాను. గదిలోని స్నానాల చోట అరగంట ఆడుకుంటాడు. మూడేళ్ళ పిల్లలకు నీళ్ళు ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోయడంకన్నా ఇష్టమైన ఆట నేను చూడలేదు.

పాపకు ఈత కళ్ళద్దాలు కొనవచ్చు. ఉప్పు నీరైనా మందు కలిపిన నీరైనా కళ్ళు మండుతాయి. నీటి అడుగున పడేసి వెతికే ఆట రింగులు వద్దు. వాటి కోసం ఊపిరి బిగబట్టి లోతుకు వెళ్తుంది. తుపాకీ ఆకారంలో ఉండే నీటి బొమ్మలు రేవులో తనిఖీ దగ్గరే ఆగిపోవచ్చు.

మధ్యలో దిగే ఊళ్ళో సముద్రానికి ట్యూబు పనికి వస్తుంది కదా అని చెల్లెలు అడిగింది. అక్కడ మరీ వద్దు. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. కళింగపట్నంలో, బారువలో తెప్పల వాళ్ళు ఒకప్పుడు ఆ గాలినే నమ్ముకుని వేటకు వెళ్ళేవారు. తెప్పను తోసే గాలికి పిల్లవాడున్న ట్యూబు ఒక లెక్కా? ఇసుకలో ఆడుకోవడానికి చిన్న బకెట్టు, పార చాలు. తడి ట్యూబును ఓడ బాల్కనీలో ఆరవేసినా గాలికి ఎగిరి నీళ్ళలో పడుతుంది. ఓడల నుంచి సముద్రంలోకి ప్లాస్టిక్ వేయడాన్ని మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం పూర్తిగా నిషేధించింది. మన శ్రీకాకుళం తీరానికి ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు తిరిగే నీళ్ళవి.

పాపకు 22 కిలోలు, బాబుకు 13. ఇద్దరికీ రెండు వేర్వేరు సైజుల్లో నారింజ రంగు జాకెట్లు తీసుకున్నాను. సరిపోకపోతే మారుస్తానని దుకాణదారు ఒప్పుకున్నాడు, బిల్లు భద్రంగా ఉంచాను. వచ్చే ఆదివారం పిల్లలను విజయనగరం తీసుకురమ్మన్నాను. మా పెరట్లో సిమెంటు తొట్టి ఉంది, నీళ్ళు నింపితే బాబుకు నడుము లోతు వస్తాయి. ముందు జాకెట్టు తొడిగి భుజాలు పట్టి ఎత్తి చూస్తాం. తరువాత వాడిని అందులో దింపి, చెల్లెలు ఒక పక్క, నేను ఒక పక్క కూర్చుంటాం.