చిత్తూరు నుంచి తిరుపతికి లేజర్ కోసం తిరిగితే ఎలా ఉంటుంది: క్లినిక్‌లు, బస, ఖర్చు

చిత్తూరు వాళ్ళకి ఒంట్లో ఏది బాగాలేకపోయినా ముందు నోటికొచ్చే ఊరు వేలూరు. గడ్డం కింద, పై పెదవి మీద వెంట్రుకలకి లేజర్ చేయించుకుంటానంటే మా అత్తమ్మ కూడా అక్కడి సీఎంసీ ఆసుపత్రికే వెళ్ళమంది. దగ్గరే, 35 కిలోమీటర్లు. కానీ ఇది ఒకసారి చూపించుకుని మందులు తెచ్చుకునే పని కాదు, ముఖానికైతే నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి వెళ్తూనే ఉండాలి, అంత పెద్దాసుపత్రి రద్దీలో ప్రతిసారీ కూర్చునే ఓపిక నాకు లేదు. అందుకే 70 కిలోమీటర్లైనా తిరుపతే అనుకున్నా.

మొదట వెళ్ళిన చోటు లోపలికి అడుగుపెడితే స్టార్ హోటల్‌లా ఉంది. డాక్టర్ కనపడలేదు, ఒక అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చి ఆరు సిట్టింగులకు ప్యాకేజీ, "ఈ రోజే కడితే సగానికి సగం తగ్గిస్తాం మేడమ్, లైఫ్‌లో మళ్ళీ వెంట్రుక రాదు" అంది. లేచి వచ్చేశా. జీవితాంతం రాదని ఎవరన్నా చెప్తే అక్కడే అనుమానించాలి, ఎందుకంటే మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ కూడా ఈ మెషీన్లకు వెంట్రుకలు చాలాకాలం తగ్గి ఉంటాయి అన్నంతవరకే ఒప్పుకుంది కానీ పూర్తిగా పోతాయని చెప్పుకోనివ్వదు. ఇంకోచోట ధర బాగా తక్కువ, తీరా అడిగితే అది లేజర్ కాదు, ఐపీఎల్. అంటే ఒకే రంగు కాంతి కాకుండా రకరకాల తరంగాలు కలిసిన వెలుగు. మన చామనఛాయ ఒంటికి దాంతో కాలి మచ్చలు పడే భయం ఎక్కువ.

చివరికి కుదిరింది ఎండీ డెర్మటాలజీ చదివిన ఒక మేడమ్ దగ్గర. చిన్న క్లినిక్, బెంచీలు పాతవి, ఏసీ ఒక్క గదిలోనే. కానీ ఆవిడ మెషీన్ మాట ఎత్తకముందే "నెలసరి సరిగ్గా వస్తోందా అమ్మా? బరువు పెరిగావా? మొటిమలకి మాత్రలేమైనా వాడుతున్నావా?" అని అడిగి, హార్మోన్ పరీక్షలు, స్కానింగ్ రాశారు. పీసీఓడీ, అంటే అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల తేడా, ఉంటే ఒకపక్క లేజర్ చేస్తున్నా ఇంకోపక్క కొత్తవి మొలుస్తూనే ఉంటాయి, దానికి వైద్యం చేయకుండా ఇది ఒక్కటే చేస్తే డబ్బు దండగని మొహం మీదే చెప్పారు. ఒక్కోసారి ముఖం మీద లేజర్ చేసిన చుట్టూరా సన్నటి నూగు ఇంకా పెరగొచ్చు అని కూడా చెప్పారు. నా లెక్కలో అన్ని మార్కులూ అక్కడే పడ్డాయి.

సిట్టింగ్‌కి కనీసం నాలుగు వారాల ముందు నుంచి థ్రెడింగ్, వ్యాక్సింగ్, ప్లక్కింగ్ అన్నీ ఆపాలి. వెంట్రుకలోని నల్లటి రంగు ద్వారానే వేడి కుదురుకి చేరుతుంది, పీకేస్తే ఇక కాల్చడానికి లోపల ఏముంటుంది? షేవ్ మాత్రం చేసుకోవచ్చు, చేసుకునే రమ్మంటారు. ఇది విని అత్తమ్మ హడలిపోయింది, బ్లేడు తగిలితే మగాళ్ళ గడ్డంలా వస్తుందని. కొండ మీద కళ్యాణకట్టలో గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని నమ్మే ఊళ్ళ వాళ్ళం కదా! చర్మం పైన కోస్తే కుదురుకేమీ కాదు, కోసిన కొస మొద్దుగా ఉండి గరుకు తగులుతుంది, అంతే.

ముందురోజు కొంచెం చోట వేసి చూశారు. మర్నాడు తెల్ల పెన్సిల్‌తో దవడ వెంట గీతలు గీసి, కళ్ళకి నల్లటి మూతలు పెట్టి, చల్లటి జెల్ పూశారు. ఆవిడ దగ్గరున్నది ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్, దాని కాంతి తరంగం 1064 నానోమీటర్లు, ముదురు రంగు చర్మానికి అదే భద్రం, కాకపోతే నొప్పి ఎక్కువ. పోపులో ఆవాలు చిట్లి చేతి మీద పడితే ఎలా చురుక్కుమంటుందో అలాగే ఉంటుంది, పై పెదవి దగ్గరైతే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. గదంతా కాలిన వెంట్రుకల వాసన. పది నిమిషాల్లో అయిపోయింది. సాయంత్రానికి ఎరుపు, వాపు తగ్గాయి, తర్వాత రెండు వారాల్లో మొహం తుడుచుకుంటుంటే టవల్‌కి నల్లటి ముక్కలు అంటుకుని రాలిపోయాయి. అవి పెరుగుతున్నాయనుకుని టెన్షన్ పడకండి.

ఒక్క సిట్టింగ్‌తో కాదు. ఏ సమయంలోనైనా కొన్ని వెంట్రుకలే పెరిగే దశలో ఉంటాయి, లేజర్ పనిచేసేది వాటి మీదే. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది పడతాయి. నాకు సిట్టింగ్‌కి 2,000 పైచిలుకు, ఏ సారికాసారి కట్టుకోనిచ్చారు.

బస్సుకి ఇబ్బందే లేదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచితం, ఆధార్ దగ్గరుంచుకోండి. మొదటిసారి రెండు రోజుల పని కాబట్టి బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగా. శని ఆదివారాలు, బ్రహ్మోత్సవాలు, తమిళుల పెరటాసి నెల శనివారాలు అయితే యాత్రికులతో రూములు దొరకవు, దొరికినా రేటు వింటే కడుపు మండుతుంది. మంగళ, బుధవారాలు హాయి. 24 గంటల చెక్‌అవుట్ ఉన్న లాడ్జి చూసుకోండి, కొన్నిచోట్ల పొద్దున్నే ఖాళీ చేయమంటారు. చుట్టాలింట్లో దిగితే డబ్బు మిగులుతుంది కానీ ఆ ఎర్రటి మొహం చూసి పక్కింటావిడతో సహా అందరూ ఆరా తీస్తారు. తర్వాతవన్నీ పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేశా.

వెళ్ళాం కదా అని అదే రోజు అలిపిరి మెట్లెక్కే పని పెట్టుకోకండి. 3550 మెట్లు, చెమట, ఎండ, ఆ మూడూ లేజర్ చేసిన చర్మానికి పడవు. దర్శనం చేసుకోవాలంటే లేజర్‌కి ముందురోజు బస్సులో వెళ్ళి రావడం నయం. ఎండాకాలం తిరుపతిలో మిట్టమధ్యాహ్నం అపాయింట్‌మెంట్ అసలు వద్దు, కార్తీక మాసంలో మొదలుపెడితే చాలా సిట్టింగులు చల్లటి రోజుల్లోనే అయిపోతాయి. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, రోజూ. గర్భంతో ఉన్నవాళ్ళకి సాధారణంగా చేయరు, వాయిదా వేస్తారు.

ఇప్పుడు నాకు ముప్పాతిక వంతు తగ్గాయి, ఉన్నవి కూడా సన్నబడ్డాయి. అప్పుడప్పుడూ టచప్‌కి రమ్మన్నారు. గడ్డం కింద నెరిసినవి కొన్ని అలాగే ఉన్నాయి, తెల్ల వెంట్రుకల మీద లేజర్ పనిచేయదు, వాటికి మా వీధి పార్లర్‌లో థ్రెడింగే.