జీపీఎస్ సమయం ముద్రించే కెమెరా: సముద్రపు గాలిలో కొన్నేళ్ల వాడకం తర్వాత

ఈ కెమెరాను నేను ఇంతగా ఇష్టపడటానికి కారణం ఒక్కటే: ప్రతి ఫ్రేములోనూ వెలుగును గ్రహించడం మొదలైన, ముగిసిన క్షణాలను ఇది జీపీఎస్ సమయంతో నమోదు చేస్తుంది. ప్లూటో ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు (దీన్నే మరుగు అంటాం) నక్షత్రపు వెలుగులో దాని నీడ భూమి మీద సెకనుకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది కనుక, గడియారం ఒక్క సెకను తప్పితే కొలత కూడా అంత దూరం తప్పుతుంది. ల్యాప్‌టాప్ గడియారాన్ని ఇంటర్నెట్‌తో సరిచేసుకున్నా, ఫ్రేము కేబులు గుండా వచ్చేసరికి ఎంత ఆలస్యమయిందో తేల్చలేము. ప్లూటోకు దాదాపు 19,600 కిలోమీటర్ల దూరంలో తిరిగే దాని ఉపగ్రహం షారన్ కచ్చితంగా ఎక్కడుందో ఇలాంటి మరుగుల నుంచి లెక్కగట్టాలంటే సమయంపై నమ్మకం ఉండి తీరాలి. 2017 జనవరి 21న హౌమియా అనే మరుగుజ్జు గ్రహం చుట్టూ వలయం బయటపడింది కూడా, ఒకే మరుగును ఐరోపాలోని పలు వేధశాలలు కొలిచి, ప్రధాన మరుగుకు ముందూ తర్వాతా నక్షత్రపు వెలుగు కొద్దిగా తగ్గడాన్ని సరిపోల్చి చూసినందువల్లనే.

భీమిలి వైపు తీరాన ఒక మరుగు కోసం ఎదురుచూస్తున్న రాత్రి, ఆఖరి పావుగంటలో జీపీఎస్ లాక్ (ఉపగ్రహ సంకేతాలు స్థిరంగా అందడం) ఊగిసలాడి పూర్తిగా పోయింది. యాంటెన్నా కనెక్టరు విప్పి చూస్తే లోపల పచ్చటి చిలుము పట్టి ఉంది. మిత్రుడు స్పిరిట్‌తో తుడిచి మళ్లీ బిగించాడు గానీ, రికార్డింగు మొదలైన తర్వాత గానీ లాక్ తిరిగి రాలేదు. ఆ రాత్రి నక్షత్రం మసకబారలేదు. అయినా ఇంటికి వచ్చి ఫైలు తెరిచినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది, ఎందుకంటే లాక్ లేని ఫ్రేములను కెమెరా విడిగా గుర్తుపెట్టి ఉంచింది. వాటిని తీసేసి, మిగిలిన సమయంలో నీడ మా తీరాన్ని తాకలేదని నిస్సంకోచంగా చెప్పగలిగాను; నీడ అంచు ఎక్కడిదాకా వచ్చిందో తేల్చడానికి అలాంటి ఫలితం కూడా పనికొస్తుంది. అమ్మినవారు మాత్రం చిలుము వారంటీ కిందికి రాదన్నారు. ఇంత ధర పెట్టిన వస్తువుకు ఆ కనెక్టరు మీద ఒక రబ్బరు మూత ఇచ్చి ఉండవలసింది.

కొన్న కొత్తలో దీని శీతలీకరణను అందరి దగ్గరా మెచ్చుకున్నాను. విశాఖ వేసవి తేమలో సెన్సరును బాగా చల్లబరిస్తే ముందున్న గాజుపై మంచు పేరుకుంటోంది కాబట్టి, ఇప్పుడు చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు మాత్రమే తగ్గిస్తున్నాను. సెకనులోపు ఎక్స్‌పోజర్లకు అదే చాలుతోంది.

మధురవాడ డాబా మీద నాకున్నది పది అంగుళాల టెలిస్కోపు, పైన నగరపు వెలుగు. ప్లూటో రాత్రంతా కనిపించే జులైలో మా ఆకాశాన్ని నైరుతి మేఘాలు కప్పేస్తాయి. హౌమియా వేసవిలో దాదాపు నడినెత్తి మీదుగానే వెళ్తుంది, కానీ అది కప్పే నక్షత్రాలు చాలావరకు నా టెలిస్కోపుకు అందనంత మసకవి. అనంతపురం వంటి పొడి గాలి, చీకటి ఆకాశం, ఇంకాస్త పెద్ద అద్దం ఉన్నవారికి దీన్ని నిస్సందేహంగా సూచిస్తాను. తీరంలో ఉన్నవారు మాత్రం మరో యాంటెన్నా కేబులు ధరను కూడా కలుపుకుని ఆలోచించాలి.