అంతర్జాతీయ వాణిజ్యంపై వీడియో కోర్సు: నా అభిప్రాయం

డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి ఈ ఆన్‌లైన్ కోర్సును కాస్త కఠినంగానే చూశాను. తులనాత్మక ప్రయోజనం (ప్రతి దేశం తాను పోల్చితే తక్కువ వదులుకుని చేయగల వస్తువునే చేసి, మిగతావి కొనుక్కుంటే ఇద్దరికీ లాభమనే సూత్రం) పాఠం మాత్రం చాలా బాగుంది. 1817లో ఆంగ్ల ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో ఇచ్చిన లెక్కనే తీసుకున్నారు. కొంత బట్ట తయారీకి ఇంగ్లండ్‌లో 100 మంది ఏడాది శ్రమ, కొంత వైన్‌కు 120 మంది శ్రమ కావాలి. పోర్చుగల్‌లో అదే బట్టకు 90 మంది, అదే వైన్‌కు 80 మంది చాలు. రెండింట్లోనూ పోర్చుగలే మెరుగు. మరి ఇంగ్లండ్‌తో వ్యాపారం ఎందుకు? ఇక్కడ వీడియో ఆపి మనల్నే లెక్క వేయమంటారు. ఇంగ్లండ్ బట్ట మాత్రమే రెండింతలు నేసి సగం ఇచ్చి వైన్ తెచ్చుకుంటే 220 మంది పని 200 మందితో అయిపోతుంది. వైన్ మాత్రమే రెండింతలు చేసే పోర్చుగల్‌కు 170 బదులు 160 మంది సరిపోతారు. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. అవకాశ వ్యయాన్ని, అంటే ఒకటి చేయడం కోసం వదులుకునే మరొకదాని విలువను, ఇంత తేటగా చెప్పడం అరుదు.

టారిఫ్‌ల (దిగుమతి సుంకాల) పాఠం ఫరవాలేదు.

నచ్చనిది ఒకటుంది. దేశానికి లాభమైతే అందులో అందరికీ లాభమే అన్నట్టు దాటేశారు. మగ్గం వదిలిన నేతగాడు మర్నాటికే ద్రాక్షతోటలో పనివాడైపోతాడా? ఆ నష్టం ఎవరు భరించాలి, కొత్త పని ఎవరు నేర్పాలి? ఈ చర్చ చేరిస్తే మా పిల్లలందరిచేతా కోర్సు కొనిపిస్తాను.