గామా విస్ఫోటం ఆరిపోతుంటే దేనితో చూడటం మేలు?

2003 మార్చి 29న, మనకు సాయంత్రం 5 దాటిన వేళ, సింహరాశి దిక్కు నుంచి వచ్చిన గామా కిరణాలు హెటీ-2 ఉపగ్రహాన్ని తాకాయి. ఇలా ఎక్కడో దూరాన పుట్టి కాసేపే మెరిసే గామా కిరణాల మెరుపునే గామా విస్ఫోటం అంటారు. ప్రధాన మెరుపు అర నిమిషంలోపే ముగిసింది. దాని వెనకాల మిగిలిన వెలుగును మాత్రం ఏళ్ల తరబడి వెంబడించారు. ఈ అనంతర కాంతిని ఎక్స్ కిరణాల్లో, మామూలు వెలుగులో, రేడియోలో మూడు చోట్లా చూడవచ్చు. ఏది మేలు?

తొందర విషయంలో ఎక్స్ కిరణాలదే పైచేయి. 2004లో ఎగిరిన స్విఫ్ట్ ఉపగ్రహం ఒకటి రెండు నిమిషాల్లోనే తనంతట తాను అటు తిరుగుతుంది. మబ్బులు, పగటి వెలుతురు దానికి అడ్డు కావు. 2003లో ఆ సౌకర్యం లేదు. విస్ఫోటం ఎక్కడ జరిగిందో నేలమీది వారికి తెలియడానికే గంటకు పైగా పట్టింది.

అయినా టెలిస్కోపులు అటు తిప్పేసరికి ఆ చుక్క ఇంకా 12, 13 మాగ్నిట్యూడ్‌ల మధ్యే ఉంది (ఇది వెలుగు కొలత; అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారినట్టు). దాదాపు 200 కోట్ల కాంతి సంవత్సరాల అవతలిది, ఓ మోస్తరు పెరటి టెలిస్కోపుకు అందింది! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మామూలు వెలుగుతో చిక్కల్లా కాలమే. ఈ కాంతి సుమారుగా గడిచిన కాలానికి విలోమంగా తగ్గుతుంది. మొదటి గంటలో ఉన్నది పదో గంటకు పదో వంతు. అందుకే మొదటి రాత్రి మబ్బు పట్టిందంటే ఆ నష్టం పూడదు. పదో రోజున ఒక రాత్రి పోయినా అంత బెంగ లేదు. కాలానికీ వెలుగుకూ లాగరిథమ్ కొలతలు (అడుగడుగుకూ పదిరెట్లు పెరిగేవి) వేసి గీస్తే గీత తిన్నగా దిగుతూ, ఒకచోట మరింత నిటారుగా వంగుతుంది. విస్ఫోటం నుంచి సన్నటి ధారగా దూసుకొచ్చే పదార్థం, అంటే జెట్, ఎంత ఇరుకైనదో ఆ వంపును బట్టి లెక్కకడతారు.

అసలు సంగతి వర్ణపటంలో, అంటే వెలుగును రంగులుగా విడదీసి చూసే పట్టీలో, ఉంది. సుమారు వారానికి, ఆరిపోతున్న వెలుగు కిందినుంచి పేలిపోయిన నక్షత్రం, అంటే ఒక సూపర్‌నోవా రేఖలు పైకి తేలాయి. దానికి 2003డీహెచ్ అని పేరు పెట్టారు. దీర్ఘ గామా విస్ఫోటాలు (రెండు సెకన్లకు మించి మెరిసేవి) భారీ నక్షత్రాల చావులోంచే పుడతాయనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం అప్పటికి లేదు. దూరం కూడా చాలావరకు వర్ణపటమే చెబుతుంది. దూరం తెలియకపోతే మిగతా రెండింటి కొలతల నుంచి శక్తిని లెక్కకట్టలేం. అందుకే ఒక్కటే చేతికిస్తామంటే నేను మామూలు వెలుగునే అడుగుతాను. దారిలో ధూళి దట్టంగా ఉంటే మాత్రం ఆ మాట వెనక్కి తీసుకుంటాను. 2022 అక్టోబరు 9 నాటి అసాధారణ విస్ఫోటం పాలపుంత ధూళి వెనకే కనిపించింది. దాని మామూలు వెలుగు చాలావరకు మనదాకా రాలేదు.

రేడియో ఆలస్యంగా వెలుగుతుంది, ఆలస్యంగా ఆరుతుంది. రాత్రీ పగలూ చూడవచ్చు. 2003 నాటి వెలుగు ఆకాశంలో ఎంతమేర విస్తరిస్తోందో దూరదూరాన ఉన్న రేడియో యాంటెన్నాలను కలిపి నేరుగా కొలిచారు. జెట్ వేగం తగ్గి, అన్ని వైపులా పరుచుకున్నాక మొత్తం శక్తిని లెక్కకట్టడానికి రేడియోను మించినది లేదు. కాకపోతే ఓపిక కావాలి. పుణె దగ్గర ఖొడద్‌లోని 45 మీటర్ల యాంటెన్నాలు ఆ చుక్కను గమనిస్తూ వచ్చాయి. మూడేళ్లు దాటాక కూడా అది రేడియోలో అందుతూనే ఉంది.