పెరట్లో నక్షత్రాలకు బైనాక్యులర్సా, 70 ఎం.ఎం. టెలిస్కోపా?

కృత్తికలు, పుష్యమి లాంటి గుంపులూ, నాలుగైదు జంట నక్షత్రాలూ చూడ్డానికి 10×50 (పది రెట్లు పెద్దగా చూపే, 50 ఎం.ఎం. కటకాలున్న) బైనాక్యులర్స్ సరిపోతాయా, టెలిస్కోపే కొనాలా అని చాలామంది అడుగుతుంటారు. మామూలుగా వినిపించే జవాబు "ముందు బైనాక్యులర్సే". గుంపుల వరకు ఆ మాట నిజమే.

10×50లో దాదాపు ఆరున్నర డిగ్రీల ఆకాశం పడుతుంది. డిగ్రీన్నర వెడల్పుండే పుష్యమి చుట్టూ ఖాళీ కూడా కనిపిస్తుంది కాబట్టి గుంపు గుంపులానే ఉంటుంది. చిక్కల్లా మెడకే. మన అక్షాంశాల్లో కృత్తికలూ పుష్యమీ దాదాపు నడినెత్తి మీదుగా పోతాయి. స్టాండుకు బిగించిన బైనాక్యులర్స్‌తో అక్కడ చూడ్డం కుదరదు. నవారు మంచం మీద వెల్లకిలా పడుకోవాలి, లేదంటే తూర్పున సగం ఎత్తుకు వచ్చినప్పుడే చూసెయ్యాలి. మార్చి మొదట్లో రాత్రి ఏడున్నరకి పుష్యమి సుమారు అక్కడే ఉంటుంది.

జంటల దగ్గర లెక్క మారుతుంది. అరుంధతీ వసిష్ఠులు కంటికే విడిగా కనిపిస్తారు (పట్టపగలు పెళ్లిలో పురోహితుడు చూపించేది వేరే సంగతి). కానీ వసిష్ఠుడే ఒక జంట, మధ్య ఎడం 14 ఆర్క్ సెకండ్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకండు). బైనాక్యులర్స్ పది రెట్లలో విడిపోదు, టెలిస్కోపు 28 రెట్లలో విడిపోతుంది. 35 ఆర్క్ సెకండ్ల ఎడమున్న ఆల్బిరియో అనే జంట కూడా 10×50లో స్టాండు ఉంటేనే విడిపోతుంది.

అందుకే నా ఓటు 70/700 (70 ఎం.ఎం. కటకం, 700 ఎం.ఎం. నాభ్యంతరం) టెలిస్కోపుకి. కన్ను ఆనించే కటకం, అంటే 25 ఎం.ఎం. ఐపీస్‌తో 28 రెట్లు, 1.8 డిగ్రీలు: కృత్తికలు మొత్తం పడతాయి. 10 ఎం.ఎం. పెడితే 70 రెట్లు. 70/900 అయితే అదే 25 ఎం.ఎం.తో 1.4 డిగ్రీలే, పుష్యమి అంచులు తెగిపోతాయి.

అయితే అసలు తేల్చేది స్టాండు. 70 రెట్లలో మిథున రాశిలోని కాస్టర్‌ని పెట్టారనుకోండి. ఐదారు ఆర్క్ సెకండ్ల ఎడమున్న జంట. భూమి తిరుగుతుంటుంది కాబట్టి మూడు నిమిషాలు గడిచేసరికి అది ఐపీస్ దాటిపోతుంది, గొట్టం కదపాలి. కదిపిన ప్రతిసారీ బొమ్మ ఐదు సెకండ్లు ఊగితే రెండు చుక్కలూ కలిసి గీతైపోతాయి. కొనేముందు గొట్టాన్ని వేలితో తట్టండి. రెండు సెకండ్లలో ఊపు ఆగకపోతే ఆ స్టాండు వద్దు. ఇప్పటికే కొనేసి ఉంటే స్టాండు కాళ్లు సాగదీయకుండా, కుర్చీలో కూర్చుని చూడండి. ట్రే మరలు బిగించి, నడుమ రెండు లీటర్ల నీళ్ల సీసా వేలాడదీయండి.

డాబా కన్నా పెరటి మట్టినేల మేలు. పగలు కాగిన శ్లాబు వేడి రాత్రి తొమ్మిది దాటినా పైకి లేస్తూనే ఉంటుంది. 28 రెట్లలో తెలియదు గానీ, 70లో కాస్టర్ ఉడుకుతున్నట్టు కదులుతుంది.

ఆరంగుళాల డాబ్సోనియన్ (నేల మీది పీఠంపై తిరిగే అద్దం టెలిస్కోపు) జంటలకు ఇంకా బాగుంటుంది. మోసే ఓపికుంటే తీసుకోండి, మామూలు ఐపీస్‌తో కృత్తికలు మాత్రం అందులో మొత్తం పట్టవు. ఫోన్‌తో నడిచే స్మార్ట్ టెలిస్కోపులు గుంపుల ఫోటోలకే, దగ్గరి జంటలకు పనికిరావు.