సుత్తిదెబ్బ వెండి నాణేల కిట్: ఆరు సీజన్లు వాడాక

ఇంగ్లండ్ పొలాల్లో మెటల్ డిటెక్టర్‌కు తగిలే పాత వెండి నాణేల్లో చాలావాటి మీద సంవత్సరం ఉండదు. 1662లో యంత్రాలు పూర్తిగా కుదురుకునేదాకా దాదాపు అన్నీ చేత్తో కొట్టినవే. కింది అచ్చును దుంగలో దిగగొట్టి, దాని మీద వెండి బిళ్ల ఉంచి, పై అచ్చు ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ. అందుకే ముద్ర పక్కకు జరుగుతుంది, అక్షరాలు సగమే పడతాయి, అంచు వంకర పోతుంది. వీటిని గుర్తుపట్టడానికి వాడుతున్న కిట్‌లో ఉన్నవి నాలుగే: 10 రెట్ల భూతద్దం, 0.01 గ్రాము దాకా చూపే జేబు త్రాసు, ప్లాస్టిక్ కాలిపర్ (వ్యాసం కొలిచే పనిముట్టు), చిన్న ఎల్‌ఈడీ టార్చి. వీటిలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది టార్చి. ఎక్కువగా తప్పుదారి పట్టించింది త్రాసు.

వెలుతురు నేరుగా పైనుంచి పడితే అరిగిన పెన్నీ (ఆ కాలపు చిన్న వెండి నాణెం) నున్నటి రేకులా కనిపిస్తుంది. టార్చిని బల్లకు దాదాపు ఆనించి, 10 నుంచి 20 డిగ్రీల కోణంలో ఒక పక్కనుంచే వేసి, నాణేన్ని నెమ్మదిగా తిప్పాలి. ఒకచోట సిలువ చేయి తేలుతుంది, ఇంకోచోట కిరీటం తేలుతుంది. ఫొటోకైనా ఇంతే: ఫ్లాష్ ఆపేసి, వెలుతురు నాలుగు దిక్కులనుంచీ మార్చి నాలుగు ఫొటోలు తీయాలి. భూతద్దానికి 10 రెట్లు చాలు. 30 రెట్లని రాసి అమ్మే చవక అద్దాల్లో అక్షరం పెద్దదవుతుంది గానీ చీకటిగా, అంచుల్లో వంగిపోయి కనిపిస్తుంది. అద్దాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని, నాణేన్నే దాని వైపు తెచ్చుకోవాలి.

చూడాల్సింది ముందు బొరుసు, తర్వాతే బొమ్మ. ఎదురుగా చూసే రాజు ముఖం తరాలు గడిచినా పెద్దగా మారదు. వెనకున్న సిలువ మారుతుంది. జంటగీతల పొట్టి సిలువ అక్షరాల వలయం దగ్గర ఆగిపోయి, ప్రతి మూలలో నాలుగు చుక్కల పువ్వు ఉంటే అది 1180–1247 నాటిది. జంటగీతలు అంచుదాకా సాగి, మూలకు మూడేసి చుక్కలుంటే 1247–1279. సిలువను అంచుదాకా లాగింది వెండి కోసం అంచు కత్తిరించేవాళ్ల దొంగతనం బయటపడాలనే. అదే పొడవు సిలువ ఒంటిగీతతో, మూడేసి చుక్కలతో ఉంటే 1279 తర్వాతది. ఈ చివరి నమూనా రెండు శతాబ్దాలకు పైగా నడిచింది కాబట్టి అసలు పని అక్కడ మొదలవుతుంది. సగానికో పావుకో తెగిన ముక్క దొరికితే విరిగిందని పారేయకూడదు. 1279కి ముందు అర పెన్నీ, పావు పెన్నీ కావాలంటే జంటగీతల మధ్యనుంచి నాణేన్నే కోసేవారు.

పొట్టి సిలువ నాణేల్లో కొత్తవాళ్లు చేసే తప్పు రాజు పేరును నమ్మడం. రిచర్డ్, జాన్ రాజుల పాలనలో కూడా ఇంగ్లండ్‌లో ఈ పెన్నీల మీద ‘హెన్రికస్ రెక్స్’ (హెన్రీ రాజు) అనే కొట్టారు. రాజెవరో తేల్చేది జుట్టు ఉంగరాలు, అక్షరాల ఆకారం, బొరుసు మీదున్న టంకశాల మనిషి (నాణేలు కొట్టించే బాధ్యుడు) పేరు. తొలి వర్గపు (ఈ రకంలో మొట్టమొదట కొట్టిన) చక్కటి నాణేల్లో ఎడమవైపు 2, కుడివైపు 5 ఉంగరాలుంటాయి. ‘ఎస్’ తిరగబడి ఉంటే జాన్ కాలంలో, 1205 ప్రాంతంలో జరిగిన తిరగముద్రణ (పాత నాణేలు కరిగించి మళ్లీ కొట్టడం) వైపు చూడాలి. ఊరి పేర్లూ తికమక పెడతాయి. ‘నికోల్’ అంటే లింకన్, ‘ఎవర్‌విక్’ అంటే యార్క్. ‘డబ్ల్యూ’ బదులు వాడిన పాత ఇంగ్లిష్ అక్షరం అచ్చం ‘పి’లా ఉంటుంది కాబట్టి వించెస్టర్ ‘పి’తో మొదలైనట్టు కనిపిస్తుంది.

1279 నుంచి టంకశాల మనిషి పేరు దాదాపుగా పోయి, ‘సివిటాస్ లండన్’ (లండన్ నగరం) లాంటి ఊరి పేరే మిగిలింది. రాజు పేరు మూడు పెద్ద అక్షరాల్లో ‘ఇ, డి, డబ్ల్యూ’ అని మాత్రమే ఉంటే ఎక్కువగా మొదటి ఎడ్వర్డ్. తర్వాత ‘ఎ’ గానీ ‘ఎ, ఆర్’ గానీ చేరితే 1301 ప్రాంతం నుంచి మొదలై రెండో ఎడ్వర్డ్ కాలంలోకి పోతుంది. ‘ఎన్’ అక్షరం ‘హెచ్’లా, ‘సి’, ‘ఇ’ రెండూ ఒకే గుండ్రంగా కనిపించడం మామూలే. ఒక్క అక్షరాన్ని పట్టుకుని తీర్పు చెప్పకుండా చుట్టూ ఉన్న మూడు నాలుగు అక్షరాలు కలిపి చదవాలి.

త్రాసు ఇక్కడ సాయం చేస్తుంది. 1279లో పెన్నీ సుమారు 1.44 గ్రాములు, 1351 నుంచి 1.17, 1412 నుంచి 0.97, 1464 నుంచి 0.78. అయితే ఈ లెక్క ఒక వైపే పనిచేస్తుంది. బరువు 1.35 ఉంటే 1412 తర్వాతది కాదని గట్టిగా చెప్పొచ్చు. 0.95 ఉంటే మాత్రం అది 1412 తర్వాతదీ కావచ్చు, అంచు కత్తిరించిన పాతదీ కావచ్చు. అందుకే కాలిపర్‌తో రెండు దిక్కుల్లో కొలవాలి. అక్షరాల వలయం ఒక పక్క పూర్తిగా లేకపోతే ఆ బరువుకు విలువ లేదు. స్టీలు కాలిపర్ వెండిని గీస్తుంది, అందుకే ప్లాస్టిక్‌ది.

జేబు త్రాసు లోపం ఇంకొకటుంది. సున్నా దగ్గర వచ్చే చిన్న మార్పులను అది తనంతట తాను చెరిపేస్తుంది. 0.3 గ్రాముల ఫార్దింగ్‌ను (పావు పెన్నీ నాణేన్ని) మెల్లగా పెడితే ఒక్కోసారి సున్నాయే చూపిస్తుంది. ముందు ఏదైనా బరువైన మూత పెట్టి, సున్నా చేసి, ఆ తర్వాత నాణెం వేయాలి. కారు బానెట్ మీద, గాలిలో వచ్చే అంకెను రాసుకోవద్దు. ప్రతిసారీ కొత్త 5 పెన్స్ బిళ్లతో సరిచూసుకోవాలి: 3.25 గ్రాములు రావాలి.

మొదటి ఎలిజబెత్ కాలపు వెండికి ఇంత శ్రమ లేదు. 1561 నుంచి తల వెనక గులాబీ, బొరుసు మీద సంవత్సరం ఉంటే ఆరు పెన్నీలు, మూడు పెన్నీలు, ఒకటిన్నర, ముప్పావు పెన్నీల్లో ఒకటి. ఏదన్నది కాలిపర్ చెబుతుంది. గులాబీ లేకపోతే షిల్లింగ్ (12 పెన్నీలు), గ్రోట్ (4 పెన్నీలు), అర గ్రోట్, పెన్నీ.

కిట్ పూర్తిగా తడబడేది పరాయి నాణేల దగ్గర. ఇంగ్లండ్ పెన్నీని చూసి అటు ఐరోపాలో కొట్టిన స్టెర్లింగుల్లో సిలువ, చుక్కలు, ఇంచుమించు బరువు కూడా కలుస్తాయి. కిరీటం బదులు గులాబీల దండ కనిపిస్తే వెంటనే ఆగి రాజు పేరు మళ్లీ చదవాలి. పక్కకు తిరిగిన ముఖం, వెనక మూలల్లో నక్షత్రాలు ఉంటే స్కాట్లండ్‌ది, ఎక్కువగా మూడో అలెగ్జాండర్. ముఖం త్రిభుజంలో ఉంటే ఐర్లండ్. ఫొటో చూసి పేరు చెప్పే ఆప్‌లు ఇక్కడే ఎక్కువగా బోల్తా పడుతున్నాయి.  పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ (జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసే పథకం) డేటాబేస్‌లో రాజు, టంకశాల పేర్లతో వెతికి, బరువు, వ్యాసం, ఫొటో పక్కపక్కన పెట్టి చూడటం చాలా మేలు. అది ఉచితం.

పొలంలో వేలితో రుద్దొద్దు. మట్టిలోని ఇసుక జుట్టు ఉంగరాలనే ముందు చెరిపేస్తుంది. స్వేదన జలంలో నానబెట్టి మట్టిని దానంతట అదే విడిపోనివ్వాలి. నాగలి వంచిన నాణేన్ని సరిచేయబోతే విరుగుతుంది. 300 ఏళ్లు దాటిన వెండి నాణేలు ఒకేచోట రెండు దొరికితే ఇంగ్లండ్, వేల్స్‌లలో 1996 ట్రెజర్ (నిధి) చట్టం కిందికి రావచ్చు, 14 రోజుల్లో తెలియజేయాలి. అందుకే కవరు మీద 8 అంకెల గ్రిడ్ సంఖ్య (మ్యాప్‌లో దొరికిన చోటును చూపే సంఖ్య), కడగకముందు ఫొటో సంఖ్య, బరువు, రెండు దిక్కుల వ్యాసం, సిలువ రకం రాయాలి. రాజు పేరు తేలకపోతే ఆ గడి ఖాళీగానే ఉంచాలి.