పాత ఓటీజీకి రెక్స్ సీ100 కిట్: కంట్రోలరు సరే, ఎస్‌ఎస్‌ఆర్‌ని నమ్మొద్దు

పాత ఓటీజీలో (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు ఓవెన్) నాబ్‌ని 180 మీద పెట్టినంత మాత్రాన లోపల వేడి 180 దగ్గర నిలబడదు. థెర్మోస్టాట్ ఒకసారి కట్టేశాక మళ్లీ అందుకునేలోపు పాతికో ముప్ఫయ్యో డిగ్రీలు జారిపోతుంది. దీనికి ఆన్‌లైన్‌లో దొరికే చవక మందు రెక్స్ సీ100 కిట్. అందులో వచ్చేవి 48 మిల్లీమీటర్ల చదరపు డిజిటల్ కంట్రోలరు, 40 ఆంపియర్లని ముద్రించిన ఎస్‌ఎస్‌ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే, అంటే కదిలే భాగాల్లేని ఎలక్ట్రానిక్ స్విచ్చు), దాని వేడి లాగే రెక్కల హీట్‌సింకు, వేడిని కొలిచే కే టైపు థెర్మోకపుల్ తీగ. అసలు రెక్స్ సీ100 ఆర్‌కేసీ అనే జపాన్ కంపెనీది. చవక కిట్లలో వచ్చేవి దాని నకళ్లు. నకలైనా పనిచేస్తుంది, కాకపోతే పెట్టె తెరవగానే ఒకటి చూసుకోవాలి.

కంట్రోలరు పక్కనున్న స్టిక్కరు మీద ఎఫ్‌కే02 తర్వాత ‘వీ’ ఉండాలి. ‘ఎమ్’ ఉంటే అది రిలే రకం (లోపలే టిక్కుమనే మామూలు స్విచ్చు ఉన్నది), ఎస్‌ఎస్‌ఆర్‌ని నడపలేదు. ఎస్‌ఎస్‌ఆర్ ఇచ్చి దానికి జోడుగా ఎమ్ రకం పంపడం ఈ కిట్లలో మామూలే. అవుట్ లైటు వెలిగినప్పుడు అవుట్‌పుట్ టెర్మినళ్ల మధ్య మల్టీమీటరు 12 వోల్టుల డీసీ దరిదాపుల్లో చూపిస్తే అది వీ. టిక్కుమని ఊరుకుంటే ఎమ్. సర్లే అని ఎమ్ రకానికే హీటరు నేరుగా తగిలించొద్దు. లోపలి రిలే 3 ఆంపియర్లది, 1500 వాట్ల ఓటీజీ 6.5 లాగుతుంది. కాంటాక్టులు అతుక్కుపోతాయి. మార్చి ఇమ్మనండి.

ఎస్‌ఎస్‌ఆర్ ఆ లోడు మీద దాదాపు 10 వాట్ల వేడి పుట్టిస్తుంది. థర్మల్ పేస్టు రాసి హీట్‌సింకుకి గట్టిగా బిగించి, రెక్కలు నిలువుగా ఉండేలా పెట్టాలి. అసలు చిక్కు అది చెడిపోయే తీరులో ఉంది: ఎక్కువగా షార్టయి పోతుంది, అంటే కంట్రోలరు ఆపమన్నా హీటరు ఆగదు. అందుకే పాత థెర్మోస్టాట్‌ని పీకెయ్యకండి. ఫేజు ముందు దాంట్లోంచి, తర్వాత ఎస్‌ఎస్‌ఆర్‌లోంచి హీటరుకి వెళ్లాలి. నాబ్‌ని 250 దగ్గర వదిలేస్తే అదే కాపలా. బల్బు, ఫ్యాను ఎస్‌ఎస్‌ఆర్‌కి ముందే విడిగా తీసుకోండి. ఆపేసి ఉన్నప్పుడు కూడా ఎస్‌ఎస్‌ఆర్ కొన్ని మిల్లీఆంపియర్లు వదులుతుంది కాబట్టి మూత విప్పాలంటే ప్లగ్గు పీకాల్సిందే. ప్లగ్గు 16 ఆంపియర్లది, ఎర్తు ఓవెన్ బాడీకి.

థెర్మోకపుల్ తీగలు తిరగేసి కలిపితే ఓవెన్ వేడెక్కేకొద్దీ అంకె తగ్గుతుంది, కంట్రోలరు ఇంకా ఇంకా మంట పెడుతుంది. మెయిన్స్ కలిపే ముందు కొనని వేళ్లతో పట్టుకుని చూడండి, అంకె పెరగాలి. మన విశాఖ సముద్రమట్టంలోనే ఉంది కనుక మరిగే నీళ్లంటే 100 డిగ్రీలే. కొన ముంచినప్పుడు 97 చూపిస్తే కంట్రోలరులో అంకెని సవరించే ఎస్‌సీ సెట్టింగులో 3 వేస్తే సరి. కొన ట్రే ఎత్తులో, గోడకీ హీటరు రాడ్డుకీ ఎడంగా ఉండాలి. రాడ్డు పక్కన పెడితే అంకె 180 చూపిస్తుంది, కేకు మాత్రం పచ్చిగా వస్తుంది.

కంట్రోలరుని ఓవెన్ గోడకి బిగించొద్దు. చుట్టూ గాలి 50 డిగ్రీలు దాటకూడదు, మే నెల వంటింట్లో ఆ హద్దు ఎంతో దూరం లేదు. పక్కన విడి డబ్బా పెట్టి 45 మిల్లీమీటర్ల చదరపు రంధ్రం కోయించండి, ఆటోనగర్‌లో రేకు పని చేసేవాళ్లకి చిటికెలో పని. లోపలి తీగలు పీవీసీవి వద్దు, ఫైబర్‌గ్లాసు తొడుగువి వాడండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి లగ్గులు (తీగ కొసలకి బిగించే లోహపు తొడుగులు) తుప్పుపట్టి వదులై, కాలి నల్లబడతాయి. నికెల్ పూత ఉన్నవి వేసి, ఏడాదికోసారి బిగించి చూడండి.

ఖాళీ ట్రే లోపల పెట్టి, 180 సెట్ చేసి, ఎస్‌ఈటీ మీట నొక్కిపట్టి ఏటీయూని (ఆటో ట్యూనింగ్, అంటే కంట్రోలరు ఓవెన్ తీరుని తనంతట తానే నేర్చుకోవడం) 1 చెయ్యండి. వేడి రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఊగాక ఏటీ లైటు ఆరుతుంది; అప్పటిదాకా తలుపు తియ్యొద్దు. ‘టీ’ (ఎన్ని సెకన్లకోసారి హీటరుని ఆన్, ఆఫ్ చెయ్యాలనే సెట్టింగు) విలువ 20 ఉంటే 2 చెయ్యండి, 20 రిలే రకానికి. ఆ తర్వాత వేడి రెండు మూడు డిగ్రీల తేడాలో నిలబడుతుంది.

చాలా పాత నాబ్‌ల మీద 100 కింద గీతే ఉండదు. ఇప్పుడు 60 దగ్గర కరివేపాకు ఎండబెట్టుకోవచ్చు. ఇక్కడి తేమకి మెత్తబడ్డ జంతికలకైతే 110 దగ్గర పది నిమిషాలు చాలు, బయటికి తీశాక చల్లారనివ్వండి, కరకర అప్పుడే వస్తుంది.